ఒక హెడ్‌లైట్ పోతే రెండూ మార్చారు... బిల్లు కట్టేదాకా కారు ఇవ్వరట!

ప్రశ్న: మాది నెల్లూరు. కారు కొని రెండేళ్ల ఎనిమిది నెలలైంది. మూడేళ్ల వారంటీ ఉంది. మొన్నటి వానలకు ఎడమవైపు ఎల్‌ఈడీ హెడ్‌లైట్లోకి నీరు చేరి వెలగడం మానేసింది. షోరూమ్ వారి సర్వీస్ సెంటర్లో ఇస్తే ముప్పై, ముప్పై అయిదు వేలవుతుందని నోటిమాటగా చెప్పారు. మర్నాడు ఫోన్ చేసి ‘రెండూ మారిస్తే బాగుంటుంది సార్’ అన్నారు. ‘సరే, చూడండి’ అన్నాను. ఇప్పుడు రెండూ బిగించేసి రూ.88,972 బిల్లు చేతిలో పెట్టారు. పాత లైటు మీద సన్నని పగులు ఉంది కాబట్టి వారంటీ రాదట. డబ్బు కట్టకపోతే కారు ఇవ్వరట. నాకు మామూలు ప్యాకేజీ బీమా పాలసీ ఉంది, బంపర్ టు బంపర్ లేదు. ఏం చేయాలి? – ఒక పాఠకుడు

జవాబు: ముందు కారు బయటికి తెచ్చుకోండి. మీకు ఇది రుచించకపోవచ్చు గానీ, కారు ఆపే హక్కు వాళ్లకు కొంతవరకు ఉంది. మరమ్మతుకు ఇచ్చిన వస్తువు మీద శ్రమా నైపుణ్యమూ పెట్టినవారు, తమకు రావలసింది ముట్టేదాకా దాన్ని దగ్గర ఉంచుకోవచ్చని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 170వ సెక్షన్ చెబుతోంది. మీరు ఒప్పుకోని పనికి ఈ హక్కు ఎంతవరకు వర్తిస్తుందన్నది వాదించదగ్గ విషయమే. కానీ ఆ వాదన తేలేలోపు కారు వాళ్ల షెడ్డులో దుమ్ము పట్టి ఉంటుంది. స్టేషన్‌కు వెళ్తే సివిల్ తగాదా అని తిప్పి పంపుతారు. అందుకని డబ్బు ఆన్‌లైన్‌లో కట్టండి. వాళ్ల దగ్గర ఉండే బిల్లు కాపీ మీద ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను, కుడి లైటు మార్చడానికి నేను ఒప్పుకోలేదు’ అని రాసి సంతకం చేసి ఫోటో తీసుకోండి. అదే మాట ఈమెయిల్‌లోనూ పంపండి. కారు అప్పగించేటప్పుడు ‘పని సంతృప్తికరంగా ఉంది’ అన్న కాగితం ఒకటి ముందుకు తోస్తారు. తొందరలో దాని మీద సంతకం పెట్టి వచ్చేవాళ్లే ఎక్కువ. రేపు వినియోగదారుల కమిషన్లో వాళ్లు మొదట బయటికి తీసేది ఆ కాగితమే.

ఇక అసలు తగువు. హెడ్‌లైట్ ధర ఎక్కువా తక్కువా అన్నది ఏ వినియోగదారుల కమిషనూ తేల్చదు. ఎల్‌ఈడీ యూనిట్లు సీలు చేసి వస్తాయి, లోపల ఒక్కటి పోయినా మొత్తం మార్చమంటారు. హాలోజన్ కారైతే కొన్ని వందలు పెట్టి బల్బు మార్చుకుని ఇంటికి వెళ్లేవారు, అది వేరే సంగతి. ఇక్కడ తేలాల్సింది, మీరు దేనికి ఒప్పుకున్నారన్నదే. ‘సరే, చూడండి’ అంటే మన భాషలో ‘చూసి చెప్పండి’ అనే అర్థం. అవతలి వకీలు మాత్రం ‘సరే’ దగ్గరే ఆగిపోతాడు. కాబట్టి జాబ్ కార్డు, అంటే కారు తీసుకునేటప్పుడు చేయాల్సిన పని, అంచనా రాసుకునే కాగితం, దాని కాపీ అడిగి తీసుకోండి. అందులో ‘ఎడమ హెడ్‌లైట్’ అని మాత్రమే ఉండి, అంచనా ముప్పై అయిదు వేల దగ్గరే ఉండి, పెంచిన అంచనాకు మీ సంతకం గానీ ఓటీపీ గానీ వాట్సాప్ సమ్మతి గానీ లేకపోతే మీ కేసు గట్టిదే. ఒక లైటు పోతే జత మార్చాలని చట్టం ఎక్కడా చెప్పలేదు. కొత్త పాత లైట్ల వెలుగులో తేడా కనిపిస్తుందని సలహా ఇవ్వొచ్చు, బిగించే ముందు ధర చెప్పి అడగాలి.

మీరు పంపిన బిల్లు ఫోటో చూశాను. ఒక్కో లైటు రూ.36,500 చొప్పున రెండిటికి 73,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 13,140, కూలి జీఎస్టీతో కలిపి 2,832. లెక్క కుదిరింది. కానీ ఆ 36,500 పన్నుకు ముందు ధరా, ఎమ్మార్పీయా? అట్టపెట్టె మీది స్టిక్కర్ చూడండి. ఎమ్మార్పీ అంటేనే అన్ని పన్నులూ కలిసిన ధర. స్టిక్కర్ మీద 43,070 అని ఉంటే బిల్లు సరైనదే. 36,500 అనే ఉంటే ఆ పదమూడు వేల పైచిలుకు అదనంగా గుంజినట్లే. అప్పుడు తూనికలు, కొలతల శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. పెట్టె పారేశామంటే, బిల్లులోని పార్ట్ నంబరు చెప్పి అదే కంపెనీ మరో డీలర్ దగ్గర ఎమ్మార్పీ కనుక్కోండి. కార్ల విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ తర్వాత కూడా పాత 28 శాతం వేసిన బిల్లులు ఎవరికైనా వచ్చి ఉంటే అవీ అడగదగ్గవే.

వారంటీ దగ్గర వాళ్లు తమకు తెలియకుండానే మీకో తలుపు తెరిచారు. సీలు లోపం వల్ల నీరు చేరితే అది తయారీ లోపం, వారంటీలోకి వస్తుంది. బయటి దెబ్బకు పగిలి నీరు చేరిందంటే అది ప్రమాదం, మీ పాలసీలోని సొంత డ్యామేజీ కిందికి వస్తుంది. ఏదో ఒక దారి తెరుచుకోవాలి. ‘బయటి దెబ్బ వల్లే’ అని వాళ్లను రాతపూర్వకంగా ఇమ్మనండి. ఇవ్వడానికి వెనకాడితే అది కూడా మీకు పనికొచ్చే విషయమే.

అయితే బీమా మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. జీరో డిప్రిసియేషన్ (మీరన్న బంపర్ టు బంపర్ అదే) లేని పాలసీలో ప్లాస్టిక్ భాగాల విలువలో 50 శాతం తరుగు కోస్తారు. గాజుకు తరుగు లేదు గానీ, ఇప్పటి హెడ్‌లైట్లలో మనం అద్దం అనుకునేది పాలీకార్బొనేట్, అంటే ప్లాస్టిక్కే. ఆపైన 1500 సీసీ లోపు కారుకు వెయ్యి, దాటితే రెండు వేలు మీరే భరించాలి. క్లెయిము చేస్తే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము చేయనివారికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. పైగా నష్టం అంచనా వేసే బీమా సర్వేయర్ చూడకముందే లైటు విప్పేశారు. అయినా బీమా కంపెనీకి వెంటనే తెలియజేయండి. తిరస్కరిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టి, నెల రోజుల్లో తేలకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. అక్కడ ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు.

ఇకపై బయటి మెకానిక్ దగ్గరికి వెళ్తే మొత్తం వారంటీ పోతుందని బెదిరిస్తే, 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలపై ఇచ్చిన ఉత్తర్వు గుర్తుచేయండి. బయటి పనివల్ల ఏ భాగం పాడైందో అంతవరకే వారంటీ తిరస్కరించవచ్చని అందులో ఉంది.

కేసు వేయాలంటే ముందు డీలర్‌కూ కారు కంపెనీకీ పదిహేను రోజుల గడువుతో రిజిస్టర్డ్ నోటీసు ఇవ్వండి. ఈలోగా 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, చాలా తగాదాలు అక్కడే తెగుతాయి. తెగకపోతే మీరు ఉండే నెల్లూరు జిల్లా కమిషన్లోనే వేయొచ్చు, సర్వీస్ సెంటర్ ఏ ఊళ్లో ఉన్నా సరే. గడువు రెండేళ్లు. ఈ బిల్లు తగువు వరకే అయితే విలువ అయిదు లక్షల లోపే కాబట్టి ఫీజు ఉండదు. కారులోనే లోపముందని వాదిస్తే కారు ధర లెక్కలోకి వస్తుంది, అది ఇరవై లక్షల లోపైతే అప్పుడూ ఫీజు వందల్లోనే. కుడి లైటు సొమ్ము, వడ్డీ, ఖర్చులు, మానసిక వేదనకు కొంత అడగండి. హెడ్‌లైటుకు పది లక్షల పరిహారం కోరిన ఫిర్యాదులు నేను చూశాను. చదివేవాళ్లకు నవ్వొస్తుంది, అసలు బాధ పక్కకు పోతుంది.

ఇవన్నీ రేపు చేసినా ఫర్వాలేదు. ఈ రోజే చేయాల్సింది ఒకటుంది. మీ కారు నుంచి విప్పిన పాత లైట్లు రెండూ మీవి. స్క్రాప్‌లోకి పోకముందే వెళ్లి తెచ్చుకోండి. ఎడమదాని మీద పగులు ఎక్కడుందో, నీటి మరక ఎక్కడి నుంచి మొదలైందో దగ్గరగా ఫోటోలు తీసి, కడగకుండా తుడవకుండా అట్టపెట్టెలో పెట్టి ఉంచండి. ఆ పగులు ముందునుంచీ ఉందా, విప్పేటప్పుడు పడిందా అన్నది నిపుణుడికి చూపించాల్సి వస్తే అదొక్కటే సాక్ష్యం. కుడిది ఇంకా వెలుగుతుంటే దాన్నీ బ్యాటరీకి కలిపి ఒక వీడియో తీయించండి.