ఎక్కిన సైకిల్ దిగి ఇంకోటి ఎందుకు ఎక్కుతారు?

ప్రశ్న: మాస్టారూ! మా నాన్నగారు 28 ఏళ్లు ఒకే సైకిల్ మీద డ్యూటీకి వెళ్లారు. ఆయనతో కలిసి టీవీలో టూర్ డి ఫ్రాన్స్ (ఫ్రాన్స్‌లో మూడు వారాలు సాగే సైకిల్ పందెం) చూశాను. బాగానే ఉన్న సైకిల్‌ని రైడర్ దారి మధ్యలో వదిలేసి, వెనకే వచ్చే జట్టు కారు మీదున్న ఇంకో సైకిల్ ఎక్కడం చూసి "ఇదేం పందెం? సైకిల్ మార్చాక గెలిచింది మనిషా, బండా?" అన్నారు. ఏం చెప్పాలో తెలియలేదు.
– కె.ఎస్., ఏలూరు

జవాబు: నాన్నగారికి నా నమస్కారాలు చెప్పమ్మా. ఆయన అనుమానమే వందేళ్ల కిందట టూర్ నడిపినవాళ్లకూ ఉండేది. అందుకే ఎవరి బండి వాళ్లే బాగుచేసుకోవాలి, ఇంకొకరి చెయ్యి పడకూడదని నియమం పెట్టారు. 1913లో టూర్మలే కనుమ దిగుతుండగా యూజీన్ క్రిస్టోఫ్ అనే రైడర్ సైకిల్ ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విరిగింది. విరిగిన బండిని మోసుకుంటూ 10 కిలోమీటర్లకు పైగా నడిచి, సెంట్ మరీ ద కాంపాన్ అనే ఊళ్లో కమ్మరి కొలిమి చేరాడు. అధికారులు పక్కనే నిలబడి చూస్తుంటే ఇనుము కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, తన ఫోర్కు తనే అతికించుకున్నాడు. చేతులు రెండూ పనిలో ఉన్నాయి కదా, ఒక కుర్రాడు తిత్తి ఊదాడు. దానికీ శిక్షగా అతని లెక్కలో నిమిషాలు కలిపారు! ఆ టూరూ పోయింది, ఆ తర్వాత మరే టూరూ అతనికి దక్కలేదు. ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు చివుక్కుమంటుంది. ఆ నియమం కాళ్ల సత్తా కొలవలేదమ్మా, కమ్మరం కొలిచింది.

ఇక ఇప్పటి సంగతి. పంక్చర్ వెయ్యడం నేను పదేళ్ల వయసులో నేర్చుకున్నాను. ట్యూబు తీసి, నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు చూసి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి ప్యాచ్ అంటించేసరికి ఎంత చెయ్యి తిరిగినవాడికైనా 10 నిమిషాలు. గంటకు 45 కిలోమీటర్ల వేగంతో పోయే గుంపు ఆ 10 నిమిషాల్లో ఏడున్నర కిలోమీటర్లు దాటిపోతుంది. అందుకే ఇదివరకు చక్రం మార్చేవాళ్లు. ఇప్పుడు రేసు సైకిళ్లకు డిస్క్ బ్రేకులు వచ్చాయి. ఇరుసు మర తిప్పి తియ్యాలి, కొత్త చక్రం డిస్కు బ్రేకు ప్యాడ్ల మధ్య సరిగ్గా కూర్చోవాలి. అంత తంటా కంటే సైకిలే మార్చెయ్యడం త్వరగా తేలిపోతుంది.

మీరు చూసినట్టు బాగున్న సైకిల్‌ని వదిలెయ్యడం ఎక్కువగా టైమ్ ట్రయల్ రోజున, అంటే ఒక్కొక్కరే విడిగా గడియారంతో పోటీపడే రోజున జరుగుతుంది. ఆ రోజు వాడే సైకిల్ గాలిని చీల్చడానికే పుట్టింది. మోచేతులు ఆన్చుకుని ముందుకు వాలి తొక్కుతారు. వెనక చక్రం పళ్లెంలా మూసి ఉంటుంది. చదును రోడ్డు మీద దానికి సాటి లేదు, కొండ ఎదురైతే మాత్రం బరువు. 2020లో లూర్ నుంచి ప్లాంష్ దె బెల్ ఫీ కొండ దాకా 36.2 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో తదేజ్ పొగాచర్ కొండ మొదట్లో ఆ సైకిల్ దిగి తేలిక సైకిల్ ఎక్కాడు. అప్పటికి అన్ని రోజుల సమయం కలిపితే ప్రిమోజ్ రోగ్లిచ్ కంటే 57 సెకన్లు వెనకబడి ఉన్నవాడు, ఆ ఒక్క రోజులోనే అతని కంటే 59 సెకన్లు ముందుకొచ్చి టూర్ పట్టేశాడు. ఇక్కడే నాన్నగారికి ఒక మాట చెప్పు: రోగ్లిచ్ కూడా ఆ రోజు సైకిల్ మార్చాడు. 2023లో కోంబ్లూ టైమ్ ట్రయల్‌లో పొగాచర్ మళ్లీ మార్చాడు. యోనస్ వింగెగార్డ్ మార్చకుండానే అతని కంటే 1 నిమిషం 38 సెకన్లు ముందు చేరాడు. ఆ రెండు రోజులూ గెలిచింది కాళ్లే.

పైగా ఏ సైకిల్ పడితే ఆ సైకిల్ ఎక్కడానికి లేదు. సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం, పెడల్ రకం అన్నీ ఆ ఒక్క శరీరానికి మిల్లీమీటర్ల లెక్కన అమర్చి ఉంటాయి. 2022 టూర్‌లో అరెన్‌బర్గ్ వైపు రాళ్లు పరిచిన దారిలో వింగెగార్డ్ బండి మొరాయిస్తే, జట్టులోని పొడగరి నేథన్ వాన్ హూయ్‌డాంక్ తన సైకిల్ ఇచ్చేశాడు. దాని మీద ఇతని కాళ్లు సరిగా అందలేదు. చివరికి తన కొలతల సైకిల్ దొరికాక, జట్టువాళ్లు ముందుండి లాగితే, పొగాచర్‌కు 13 సెకన్లు మాత్రమే పోగొట్టుకున్నాడు. ఆ ఏడాది టూర్ అతనిదే.

అరెన్‌బర్గ్ నాటి స్టేజీ (ఆ ఒక్క రోజు పందెం) గెలిచిన సైమన్ క్లార్క్‌కి వేరే కథ ఉంది. 2015లో జిరో డి ఇటాలియా అనే ఇటలీ సైకిల్ పందెంలో తోటి ఆస్ట్రేలియన్ రిచీ పోర్ట్ చక్రం పంక్చర్ అయితే క్లార్క్ తన చక్రం తీసి ఇచ్చాడు. ఇద్దరివీ వేరు వేరు జట్లు కనుక శిక్షగా ఇద్దరి సమయానికీ చెరో 2 నిమిషాలు కలిపారు. సాయం సొంత జట్టు నుంచో, అందరికీ ఉమ్మడిగా తిరిగే బండి నుంచో మాత్రమే అందాలని నియమం. నియమం అర్థమవుతుంది కానీ, నాకు ఆ చక్రం ఇచ్చిన చెయ్యి మీదే గౌరవం.

ప్రశ్న: కారు మీద అన్ని సైకిళ్లుంటాయి కదా, కావలసింది మెకానిక్ ఎలా వెతుక్కుంటాడు?
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: వెతకడు బాబూ. జట్టు నాయకుడి సైకిల్ సాధారణంగా కారు పైన బయటి అంచున, మెకానిక్ దిగే తలుపు వైపే ఉంటుంది. కారు ఆగీ ఆగకముందే అతని చెయ్యి దాని మీద పడుతుంది. రైడర్ బూటు పెడల్‌కు బిగియగానే నడుం మీద చెయ్యి వేసి, పరిగెడుతూ ముందుకు తోస్తాడు.