మెడికెయిడ్ డబ్బు మొదలయ్యే దాకా క్లినిక్ అద్దె ఎవరు కడతారు?

ప్రశ్న: నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. హైదరాబాద్‌లో బీఓటీ, టెక్సస్‌లో మాస్టర్స్ చేశాను. టెక్సస్ లైసెన్సు ఉంది. హెచ్‌4 ఈఏడీ (హెచ్‌1బీ వారి భార్య లేదా భర్తకు ఇచ్చే పని అనుమతి కార్డు) మీద ఉద్యోగం చేస్తున్నాను. మావారు హెచ్‌1బీ. డల్లాస్ దగ్గర సొంత ఇల్లు, ఇద్దరు పిల్లలు. ఇంటి ఖర్చు నెలకు 7,200 డాలర్లు. కొంపల్లిలో కొన్న ఫ్లాట్ ఈఎంఐ, అమ్మానాన్నలకు పంపేది కలిపి ఇంకో 2,700. ఇవన్నీ పోగా నెలకు 3,000 మిగులుతున్నాయి. పొదుపు 42,000 ఉంది. వచ్చే నెల ఉద్యోగం మానేసి పిల్లల థెరపీ క్లినిక్ పెట్టాలనుకుంటున్నాను. నెలకు 3,600 అద్దెతో మూడేళ్ల లీజు మాట్లాడాం. ఎస్‌బీఏ లోన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ హామీతో ఇచ్చే అప్పు) మాకు రాదన్నారు. అందుకని నా 401కే (ఉద్యోగం ద్వారా వచ్చిన రిటైర్మెంట్ ఖాతా) నుంచి అప్పుగా 28,000, ఇంటి మీద క్రెడిట్ లైన్ 60,000 తీసుకోవాలని ఆలోచన. ఒక కంపెనీ వెంటనే 40,000 ఇస్తామంటోంది, పది నెలల్లో 55,200 తిరిగి కట్టాలి, పనిదినాల్లో రోజూ ఖాతా నుంచి తీసుకుంటారట. మా ఆడపడుచు భర్త (నేను అన్నయ్యగారు అంటాను) 20,000 పెట్టి 20 శాతం వాటా అడుగుతున్నారు. మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఎన్‌రోల్‌మెంట్ వచ్చే లోపు తెలిసిన థెరపిస్టు ఎన్‌పీఐ (వైద్య సేవలందించేవారి గుర్తింపు సంఖ్య) మీద బిల్లు వేసుకోవచ్చని ఒక ఫ్రెండ్ చెప్పింది. మా ప్లాన్ సరైనదేనా?

జవాబు: రాజీనామా ఇంకా ఇవ్వలేదు, లీజు మీద సంతకం పెట్టలేదు. ఈ రెండూ ప్రస్తుతానికి ఆపండి. మీ ఉత్తరానికి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. సొంత ప్రాక్టీసు పెట్టాలనుకునే థెరపిస్టుల్లో చాలామంది ఇదే పొరపాటు చేస్తున్నారు. లైసెన్సు చేతిలో ఉంది కాబట్టి తలుపు తీసిన నెల నుంచే ఆదాయం మొదలవుతుందని లెక్క వేసుకుంటున్నారు. లైసెన్సుకూ మొదటి చెల్లింపుకూ మధ్య ఉండే నెలలను ఎవరూ బడ్జెట్‌లో రాయడం లేదు.

పేషెంట్లు దొరుకుతారా అన్న అనుమానం నాకు లేదు. 21 ఏళ్ల లోపు పిల్లలకు వైద్యపరంగా అవసరమైన థెరపీని మెడికెయిడ్ భరించాల్సిందేనని ఫెడరల్ చట్టమే చెబుతోంది. మీ దగ్గరకు పిల్లలు వస్తారు. డబ్బు ఎప్పుడు వస్తుందన్నదే ప్రశ్న.

వరుస చూడండి. పీఎల్ఎల్‌సీ (లైసెన్సు ఉన్న వృత్తులవారు పెట్టుకునే కంపెనీ) పెట్టడం, దానికి ఈఐఎన్ (పన్ను గుర్తింపు సంఖ్య) తీసుకోవడం, మీ పేరు మీద ఉన్న ఎన్‌పీఐకి తోడు సంస్థకు టైప్ 2 ఎన్‌పీఐ తెచ్చుకోవడం పెద్ద పనులు కావు. ఎన్‌పీఐకి ఫీజు కూడా లేదు. అసలు కాలం ఆ తర్వాత పడుతుంది. ముందు రాష్ట్ర మెడికెయిడ్ పనులు చూసే టీఎంహెచ్‌పీ వారి పెమ్స్ పోర్టల్‌లో టెక్సస్ మెడికెయిడ్ ఎన్‌రోల్‌మెంట్ పూర్తవ్వాలి. అక్కడితో అయిపోదు. టెక్సస్‌లో మెడికెయిడ్ పిల్లల్లో ఎక్కువమంది స్టార్, స్టార్ కిడ్స్ అనే కార్యక్రమాల కింద ప్రైవేటు బీమా కంపెనీలు నడిపే మేనేజ్డ్ కేర్ ప్లాన్లలో ఉంటారు. మీ ప్రాంతంలోని ప్రతి ఎంసీఓకి (అలాంటి ప్లాన్ నడిపే కంపెనీకి) విడిగా క్రెడెన్షియలింగ్ (మీ అర్హతల తనిఖీ), విడిగా కాంట్రాక్టు. అప్లికేషన్ అన్ని కాగితాలతో అందాక కూడా క్రెడెన్షియలింగ్‌కు 90 రోజుల దాకా పట్టొచ్చు. బీమా కంపెనీలు మీ వివరాలు చూసే సీఏక్యూహెచ్ ఆన్‌లైన్ ప్రొఫైల్‌లో ఒక్క కాగితం గడువు దాటినా ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. తర్వాత డాక్టర్ ఆర్డరు, ఇవాల్యుయేషన్, ప్లాన్ ఆఫ్ కేర్ మీద సంతకం, ప్రయర్ ఆథరైజేషన్ (థెరపీకి ప్లాన్ నుంచి ముందస్తు అనుమతి). అప్పుడు థెరపీ, అప్పుడు క్లెయిము. తప్పుల్లేని క్లెయిముకు కూడా డబ్బు రావడానికి నెల రోజులు ఉంచుకోవాలి. ఎంసీఓలు తమ కాంట్రాక్టు అమల్లోకి వచ్చిన తేదీకి ముందు చేసిన సెషన్లకు సాధారణంగా చెల్లించవు. అందుకే ఇలాంటి ప్లాన్లలో మొదటి అప్లికేషన్ నుంచి మొదటి చెల్లింపు దాకా ఏడు నెలలని నేను రాసుకుంటాను. అంతకన్నా ముందే వస్తే మంచిదే.

ఈ ఏడు నెలలు మీ లెక్కలో పెట్టి చూద్దాం. అద్దె 3,600. లీజులో దాని మీద పడే మెయింటెనెన్సు, ట్యాక్సులు, ఆ పైన కరెంటు, సాఫ్ట్‌వేర్, ఇన్సూరెన్సు, ఫ్రంట్ డెస్కు మనిషి అన్నీ కలిపితే 7,500కి తగ్గదు. ఏడు నెలలకు 52,500. మీ పొదుపు అక్కడే అయిపోయింది, ఇంకా పరికరాలు కొననే లేదు. ఇంటి వైపు చూడండి. మీ జీతం చేతికి నెలకు సుమారు 5,000 వస్తోందని మీరు పంపిన వివరాల్లో ఉంది. అది ఆగితే ఇప్పుడు మిగులుతున్న 3,000 కాస్తా నెలకు 2,000 లోటుగా మారుతుంది. ఫ్లాట్ ఈఎంఐ ఆగదు, అమ్మానాన్నలకు పంపేది ఆపలేరు.

ఎమర్జెన్సీ ఫండ్ గురించి నేను ప్రతిసారీ చెబుతాను, మీకు ఇంకా గట్టిగా చెబుతున్నాను. మీకు ఒకటి కాదు, రెండు ఫండ్లు కావాలి. ఇంటిది వేరు, ప్రాక్టీసుది వేరు. ఒక ఖాతాలో ఉన్నదాన్ని రెండు అవసరాలకూ చూపించుకోవడం అసలు ఫండ్ లేకపోవడంతో సమానం, ఎందుకంటే కష్టం వచ్చినప్పుడు రెండు వైపులా ఒకేసారి వస్తుంది. మీ విషయంలో అది మరీ నిజం. మీ వారి ఉద్యోగం పోతే హెచ్‌1బీ మీద గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఆ లోపు ఇంకో స్పాన్సరు దొరకకపోతే మీ హెచ్‌4కీ, దాని మీద ఆధారపడ్డ ఈఏడీకీ ముప్పు. అంటే ఆయన జీతం, మీ ప్రాక్టీసు, కుటుంబం హెల్త్ ఇన్సూరెన్సు ఒక్క ఈమెయిల్‌తో కదిలిపోతాయి. కోబ్రా (ఉద్యోగం పోయాక పాత కంపెనీ బీమానే కొనసాగించుకునే ఏర్పాటు) తీసుకుంటే ఇన్నాళ్లూ కంపెనీ కట్టిన వాటాతో సహా ప్రీమియం మొత్తం మీరే కట్టాలి.

ఇంకొకటి ఉంది. 2025 అక్టోబరు 30 నుంచి వేసిన ఈఏడీ రెన్యువల్స్‌కు పాత పద్ధతిలో దానంతటదే వచ్చే పొడిగింపు లేదు. కార్డు గడువు ముగిసి కొత్తది రాకపోతే ఆ ఖాళీలో మీరు ఒక్క సెషన్ కూడా చేయకూడదు. ఉద్యోగంలో ఉంటే జీతం ఆగుతుంది, అంతే. క్లినిక్ ఉంటే ఆదాయం ఆగుతుంది, అద్దె ఆగదు.

కాబట్టి ఇంటి ఫండ్ కనీసం ఆరు నెలలది ఉండాలి. నెలకు 7,200 కాదు, 9,900 లెక్కన, అంటే 59,400. కొంపల్లి ఫ్లాట్‌ను ఇందులో కలపకండి. ఇంకా నిర్మాణంలో ఉన్న ఫ్లాట్‌ను నెల రోజుల్లో అమ్మి డబ్బు ఇక్కడికి తెచ్చుకోవడం అయ్యే పని కాదు. ప్రాక్టీసుకు ఏడు నెలల ఎదురుచూపు, దాని మీద ఇంకో నాలుగు నెలల స్థిర ఖర్చు. ఈ చివరి నాలుగు నెలలు ఎందుకని చాలామంది అడుగుతారు. 2024 ఫిబ్రవరి 21న బీమా క్లెయిములను చేరవేసే చేంజ్ హెల్త్‌కేర్ అనే కంపెనీ మీద సైబర్ దాడి జరిగింది. దేశమంతటా క్లెయిములు వారాల తరబడి ఆగిపోయాయి. బాగా నడుస్తున్న క్లినిక్కులే జీతాలకు తడుముకున్నాయి. అంతకుముందు 2015లో టెక్సస్ శాసనసభ మెడికెయిడ్ థెరపీ రేట్ల కోతకు ఆదేశించింది, 2016 చివర్లో అది అమలైంది. తర్వాత తిరిగి ఇచ్చింది కొంత భాగమే. 2023 ఏప్రిల్ తర్వాత అర్హతలు మళ్లీ చూడటం మొదలుపెట్టాక ఈ ఒక్క రాష్ట్రంలోనే 20 లక్షల మందికి పైగా మెడికెయిడ్ నుంచి పోయారు. వారిలో పిల్లలే ఎక్కువ. నిన్న థెరపీకి వచ్చిన పిల్లాడికి ఇవాళ కవరేజీ లేదంటే, మీ క్యాలెండరులో ఆ గంట ఖాళీ. ఇవేవీ మీ పనితనంలో లోపాలు కావు, మీరు ఆపగలిగేవీ కావు. చేతిలో డబ్బు ఉంటే తట్టుకుంటారు.

ఇక అప్పులు. ఇక్కడ నాకు ఓపిక తక్కువ, నేరుగా చెబుతాను.

40,000 ఇచ్చి 55,200 కట్టించుకునే ఆఫరును మర్చిపోండి. మీరు రాసినట్టు పది నెలల్లో, పనిదినాల్లో రోజూ ఖాతా నుంచి లాగేసుకుంటే రోజుకు సుమారు 263 డాలర్లు. వార్షిక వడ్డీగా చూస్తే 80 శాతం పైమాటే. తీసుకున్నదానికి 1.38 రెట్లు కట్టాలన్నదాన్ని వాళ్లు ‘ఫ్యాక్టర్ 1.38’ అని చెబుతారు, వినడానికి చిన్నగా ఉంటుంది. మీకు మొదటి ఆదాయమే ఏడో నెలలో వచ్చేటప్పుడు, మొదటి రోజు నుంచి కోత పడే అప్పును దేనితో తీరుస్తారు? వాళ్ల డబ్బుతోనే వాళ్లకు కడతారు. పైగా మీరు వ్యక్తిగత పూచీ సంతకం పెట్టాలి. మీ ఇన్వాయిస్‌లు కొనుక్కుంటామని ఇంకొకరు వస్తే వాళ్లనూ దూరం పెట్టండి. మెడికెయిడ్ చెల్లింపులను నేరుగా ఇలా ఇన్వాయిస్‌లు కొనే ఫ్యాక్టరింగ్ కంపెనీలకు మళ్లించడాన్ని ఫెడరల్ నిబంధన ఒప్పుకోదు.

401కే అప్పు: అప్పు తీసుకున్న కంపెనీలోనే వచ్చే నెల ఉద్యోగం మానేస్తున్నారు. చాలా ప్లాన్లలో మానేసిన వెంటనే మిగిలిన బాకీ మీద పడుతుంది. ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువు లోపు కట్టకపోతే దాన్ని ఆదాయంగా లెక్కించి పన్ను వేస్తారు, మీ వయసుకు 10 శాతం పెనాల్టీ అదనం.

ఇంటి మీద క్రెడిట్ లైన్ విషయంలో టెక్సస్ వాళ్లు ప్రత్యేకంగా ఆలోచించాలి. వ్యాపారం దెబ్బతిన్నా మామూలు అప్పులవాళ్లు మీ సొంత ఇంటి జోలికి రాకుండా ఈ రాష్ట్ర రాజ్యాంగమే అడ్డుగా నిలుస్తుంది. 401కేకీ అలాంటి రక్షణే ఉంది. ఇంటిని మీరే తాకట్టు పెడితే ఆ రక్షణ పోతుంది. చట్టం కాపాడుతున్న రెండు ఆస్తులనూ ఒకే నెలలో మీ చేతులతో బయటికి తీసి పెట్టే ప్లాన్ ఇది. పిల్లలున్న ఇంట్లో ఎవరికీ దీన్ని నేను సిఫారసు చేయను.

అన్నయ్యగారి వాటా కుదరదు. టెక్సస్‌లో పీఎల్ఎల్‌సీ యజమానులకు ఆ వృత్తి లైసెన్సు ఉండాలి. ఆయన థెరపిస్టు అయితే తప్ప వాటాదారు కాలేరు. ఇష్టపడితే అప్పుగా ఇవ్వొచ్చు, కానీ వడ్డీ, గడువు కాగితం మీద ఉండాలి. ఎన్‌రోల్‌మెంట్‌లో 5 శాతం, ఆపైన వాటా ఉన్న ప్రతి ఒక్కరినీ చూపించాలి కాబట్టి, నోటిమాటగా వాటా అనుకుని ఊరుకోవడం కూడా ప్రమాదమే.

వేరొకరి ఎన్‌పీఐ మీద బిల్లు వేయడం గురించి: వద్దు. చేసిన మనిషి ఒకరు, క్లెయిములో పేరు ఇంకొకరిదైతే అది తప్పుడు క్లెయిము. ఒకసారి ఫెడరల్ నిషేధిత జాబితాలో పేరు పడితే ఏ మెడికెయిడ్, మెడికేర్ సంస్థా మిమ్మల్ని ఉద్యోగంలోకి కూడా తీసుకోలేదు. మీ ఇమిగ్రేషన్ ఫైలు సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆ ఫ్రెండ్ మంచి మనసుతోనే చెప్పి ఉండొచ్చు, అయినా వినకండి.

మరి ఏం చేయాలి? క్లినిక్ మానుకోమని నేను అనడం లేదు, చిన్నగా మొదలుపెట్టమంటున్నాను. ఎన్‌రోల్‌మెంట్‌కు అడ్రసు కావాలి, కానీ దానికి మూడేళ్ల లీజు అక్కర్లేదు. నడుస్తున్న స్పీచ్ థెరపీ క్లినిక్‌లోనో, పిల్లల డాక్టరు ఆఫీసులోనో వారానికి కొన్ని రోజులు ఒక గది సబ్‌లీజుకు అడగండి. ఇన్సూరెన్సు, సాఫ్ట్‌వేర్ కలిపి నెలకు 1,900లో ఉంచగలిగితే పదకొండు నెలలకు 20,900. ఇంటి ఫండ్‌తో కలిపి మీకు కావాల్సింది 80,300. చేతిలో 42,000 ఉంది. ఇప్పటిలాగే నెలకు 3,000 పక్కన పెడితే పదమూడు నెలల్లో అందుకుంటారు, ఒక్క డాలరు అప్పు లేకుండా. అన్ని ప్లాన్ల కాగితాలూ మొదలుపెట్టాల్సింది ఆ ఫండ్ నిండే సమయానికి. అప్పుడు కూడా ఉద్యోగం పూర్తిగా వదలకండి, పీఆర్ఎన్‌కు (అవసరమైనప్పుడు మాత్రమే పిలిచే పనికి) మారండి. ఇంటి లోటు 2,000 దానితో పూడుతుంది. మీ ఆఫర్ లెటరులో పోటీ నిషేధం, పేషెంట్లను తీసుకెళ్లకూడదన్న షరతులు ఉన్నాయేమో ముందే చూసుకోండి.

మిగతావి క్లుప్తంగా: ప్రొఫెషనల్ లయబిలిటీ పాలసీ లేకుండా క్రెడెన్షియలింగ్ ముందుకు కదలదు, వీలైతే అక్కరెన్స్ రకం (పాలసీ ఉన్నప్పుడు జరిగినదానికి ఫిర్యాదు తర్వాత వచ్చినా వర్తించేది) తీసుకోండి. చేతులతో చేసే వృత్తి మీది, ఉద్యోగంలో ఉండగానే సొంత డిజేబిలిటీ పాలసీకి అప్లై చేయండి. నగదు చెల్లించే కుటుంబాలు, స్కూలు జిల్లాల కాంట్రాక్టులు, ఎదుగుదల ఆలస్యమైన మూడేళ్ల లోపు పిల్లలకు సాయం చేసే రాష్ట్ర కార్యక్రమం ఈసీఐలో పని మెడికెయిడ్‌కు మంచి తోడు. క్లెయిములకు 95 రోజుల గడువు ఉంది, బిల్లింగ్‌ను నెలాఖరు పనిగా వదిలేయకండి.

ఈ వారం చేయాల్సింది మూడు పనులు. ఆ 40,000 కంపెనీకి వద్దని రాతపూర్వకంగా చెప్పి, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇచ్చి ఉంటే వాళ్ల యాక్సెస్ తీసేయండి. 42,000ను చెకింగ్ ఖాతా నుంచి వేరే సేవింగ్స్ ఖాతాలోకి మార్చి దానికి డెబిట్ కార్డు లేకుండా చూడండి. మీ ఈఏడీ, మీ ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు), మీ వారి ఐ-94 మూడింటి గడువు తేదీలు ఒక కాగితం మీద రాసుకోండి. ఈఏడీ రెన్యువల్ గడువుకు 180 రోజుల ముందు నుంచే వేయొచ్చు. ఆ తేదీ వచ్చిన రోజే వేయండి. ఆ కాగితం మీ లాయరుకు చూపించాకే పీఎల్ఎల్‌సీ ఎప్పుడు పెట్టాలో నిర్ణయించుకోండి.