ఒక్క చిప్ రాక ఆగిన మెషీన్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను డిగ్రీలో ఎకనామిక్స్ చదువుతున్నాను. ఏ దేశం దేన్ని తక్కువ ఖర్చుతో చేయగలదో అది చేసుకుని, మిగతావి కొనుక్కుంటే అందరికీ లాభమని మాకు చెప్తున్నారు. పేపర్ తెరిస్తే మాత్రం వేరే కథ. అమెరికా 2022లో చిప్‌ల కోసం చట్టం చేసి 5,270 కోట్ల డాలర్లు కేటాయించింది. మిగతా దేశాలూ అదే దారి. చౌకగా దొరికేదాన్ని ఇంత ఖర్చు పెట్టి చేసుకోవడం దేనికి?
- ఒక విద్యార్థిని

జవాబు: అమ్మా, నీ పాఠంలో తప్పేమీ లేదు. సరుకు ఎప్పుడు అడిగితే అప్పుడు దొరుకుతుందన్న నమ్మకం మీద చెప్పిన పాఠం అది. దొరకని రోజు ఎలా ఉంటుందో నేను చూశాను.

మెషీన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు పర్చేజ్ విభాగంలో పనిచేశాను. 2021లో ప్రపంచమంతా చిప్‌ల కొరత వచ్చింది. మా కంట్రోల్ బోర్డులో మైక్రోకంట్రోలర్ అనే గోరంత చిప్ ఒకటి ఉంటుంది. మెషీన్ ధరలో దాని ఖర్చు లెక్కలోకే రాదు. మామూలుగా ఆర్డర్ పెట్టిన పన్నెండు వారాలకు వచ్చేది. ఆ ఏడాది సప్లయర్ ముందు యాభై రెండు వారాలన్నాడు, తర్వాత తేదీ చెప్పడమే మానేశాడు. మోటార్లు బిగించి, పెయింట్ కూడా అయిపోయిన పద్నాలుగు మెషీన్లు ప్లాస్టిక్ కవర్ల కింద షెడ్డులో నిలబడిపోయాయి. రోజూ ఉదయం సూపర్‌వైజర్ నా టేబుల్ దగ్గరికొచ్చి "వచ్చిందా మేడమ్?" అని అడిగేవాడు. ఆ టెన్షన్‌కి రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. అంతకు కొన్నేళ్ల ముందే, ఇంకో కంపెనీ చిప్ కూడా సరిపోయేలా బోర్డు మారుద్దామని డిజైన్ వాళ్లు అడిగారు. ఖర్చెక్కువ, అవసరం లేదని ఫైలు మీద రాసింది నేనే.

దేశాలకూ ఇలాంటి ఉదయాలు వస్తాయి. 2010 సెప్టెంబరులో వివాదంలో ఉన్న దీవుల దగ్గర చైనా చేపల పడవ ఒకటి జపాన్ గస్తీ నౌకలను ఢీకొంది. జపాన్ ఆ పడవ కెప్టెన్‌ను అరెస్టు చేసింది. ఆ వెంటనే చైనా నుంచి జపాన్‌కు రేర్ ఎర్త్ ఖనిజాల రవాణా నిలిచింది. నిషేధం పెట్టామని చైనా ఒప్పుకోలేదు, సరుకు మాత్రం రేవు దాటలేదు. కార్ల మోటార్లలో వాడే బలమైన అయస్కాంతాలకు ఆ ఖనిజాలే ఆధారం. అప్పటికి జపాన్ దిగుమతుల్లో దాదాపు 90 శాతం చైనావే.

మరుసటి ఏడాది జపాన్ ప్రభుత్వ సంస్థ జోగ్‌మెక్, సోజిట్జ్ అనే వ్యాపార సంస్థ కలిసి లైనస్ అనే ఆస్ట్రేలియా కంపెనీకి 25 కోట్ల డాలర్లు సమకూర్చాయి. గని ఆస్ట్రేలియాలో, శుద్ధి మలేసియాలో. తర్వాత ధరలు పడిపోయి లైనస్ అప్పు కట్టలేని స్థితికి వస్తే, జపాన్ వాళ్లు వదిలేసి పోలేదు. గడువు పొడిగించారు, వడ్డీ తగ్గించారు. ఈ ఓపిక నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. పదేళ్లలో చైనా వాటా సుమారు 60 శాతానికి దిగింది. అంటే ఇప్పటికీ ఎక్కువ భాగం అక్కడి నుంచే కొంటున్నారు, చౌక గనక. కానీ ఇంకో తలుపు కూడా తెరిచి ఉంచుకున్నారు. నీ పాఠానికీ పేపర్లో వార్తకూ ఇక్కడ పొత్తు కుదురుతుంది.

గని ఉంటే చాలనుకోవద్దు. కాలిఫోర్నియాలోని మౌంటెన్ పాస్ ఒకప్పుడు ఈ ఖనిజాలకు ప్రపంచంలోనే పెద్ద గని. 2002లో ఆగిపోయింది. తర్వాత దాన్ని మళ్లీ నడిపిన కంపెనీ 2015లో దివాలా తీసింది. ఆ తర్వాత వచ్చినవాళ్లు తవ్వకం మొదలుపెట్టారు గానీ, తవ్విన సరుకును చాలా ఏళ్లు చైనాకే పంపాల్సి వచ్చింది. ఎందుకంటే కష్టమంతా విడదీయడంలో ఉంది. ఈ ఖనిజాల్లో కలిసి ఉండే మూలకాలు రసాయన గుణాల్లో కవలపిల్లల్లా ఉంటాయి. ఖనిజాన్ని ఆమ్లంలో కరిగించి, నూనెలాంటి ద్రావకంతో కలిపి, రెండూ వేరుపడేదాకా ఆగి, పైది ఒక తొట్టిలోకి, కిందిది ఇంకో తొట్టిలోకి పంపి, మళ్లీ కలపాలి. ఒక్కో తొట్టిలో కొంచెమే వేరవుతుంది, అందుకే అలాంటివి వందల తొట్లు వరుసగా ఉంటాయి. మధ్యలో ఎక్కడ ఆమ్లం మోతాదు తప్పినా చివర వచ్చే సరుకు పనికిరాదు. ఇది డ్రాయింగ్ కొనుక్కుంటే వచ్చే పని కాదు, ఏళ్ల తరబడి షిఫ్టులు చేసినవాళ్ల చేతుల్లో ఉంటుంది. ఫ్యాక్టరీ మూస్తే ఆ చేతులూ చెదిరిపోతాయి. ధరల పట్టికలో ఈ నష్టానికి గడి ఉండదమ్మా. ప్రభుత్వాలు డబ్బు పెట్టాల్సింది ఆ చేతులు చెదిరిపోకుండా చూడటానికే అని నా నమ్మకం.

ప్రశ్న: నాకు చిన్న యూనిట్ ఉంది. దిగుమతులు ఆపేసి, సబ్సిడీ ఇస్తే మేమే ఎదుగుతాం కదా? ఇంకేం కావాలి?
- ఒక చిన్న పరిశ్రమ యజమాని

జవాబు: మీ ఇబ్బంది నాకు తెలుసండీ. అయినా ఒప్పుకోలేను. బ్రెజిల్ 1984లో చట్టం చేసి మరీ చిన్న కంప్యూటర్ల మార్కెట్‌ను స్వదేశీ కంపెనీలకే కేటాయించింది. అక్కడివాళ్లు పాతబడిన మోడళ్లను బయటి ధర కంటే ఎంతో ఎక్కువ పెట్టి కొన్నారు. దొంగరవాణా పెరిగింది. కంప్యూటర్లు అవసరమైన మిగతా పరిశ్రమలన్నీ ఆ భారం మోశాయి. తొంభైల మొదట్లో ఆ కేటాయింపు ఎత్తేశారు.

దక్షిణ కొరియా కూడా దిగుమతులకు అడ్డుకట్ట వేసింది, చౌక అప్పులు ఇచ్చింది. కానీ ఆ అప్పుకు ఎగుమతులతో లంకె పెట్టింది. దేశాధ్యక్షుడే నెలనెలా ఎగుమతుల సమీక్షలో కూర్చునేవాడు. బయటి దేశంలో కొనేవాడు మొహమాటపడడు, సరుకు బాగుంటేనే కొంటాడు. పోహాంగ్ ఉక్కు కర్మాగారం లాభసాటి కాదని ప్రపంచ బ్యాంకు పెదవి విరిచినా, 1973లో అక్కడ ఉక్కు వచ్చింది. అది సైనిక పాలన, కార్మికుల నోరు నొక్కిన కాలం. దాన్ని నేను సమర్థించను. 1980 నాటికి భారీ పరిశ్రమలు అప్పుల్లో మునిగాయన్నదీ నిజమే. నేను తీసుకోమనేది ఆ షరతును మాత్రమే. సాయానికి ఒక గడువు, కొలవగలిగే ఫలితం, అందుకోకపోతే ఆపేసే ధైర్యం ఉండాలి. మీరు అడిగే సుంకం ఇంకో చిన్న యూనిట్‌కు ముడిసరుకు ధర అవుతుందన్నదీ మరిచిపోవద్దు.

ప్రశ్న: ప్రతి పరిశ్రమా "మాది కీలకం" అంటుంది. తేల్చేదెలా?
- ఒక ఉపాధ్యాయుడు

జవాబు: అది లేకపోతే ఇంకేమేమి ఆగుతాయి, వేరేచోట తెచ్చుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది? ముందు ఈ రెండూ అడగండి మాస్టారూ. 2019 జులైలో జపాన్ మూడు రసాయనాల ఎగుమతిపై ఆంక్షలు పెడితే, మెమరీ చిప్‌లలో ప్రపంచంలోనే ముందున్న కొరియా కంపెనీలు కంగారుపడ్డాయి. వాటిలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఒకటి, చిప్‌లను శుభ్రం చేయడానికి, చెక్కడానికి వాడతారు. కొరియా వెంటనే సొంతంగా తయారుచేయించడం, వేరే దేశాల్లో వెతకడం రెండూ మొదలుపెట్టింది.

ఐరోపా సమాఖ్య 2024లో చేసిన చట్టం నాకు నచ్చింది. వ్యూహాత్మకమని గుర్తించిన ఏ ముడిపదార్థమైనా 2030 నాటికి 65 శాతానికి మించి ఒకే బయటి దేశం నుంచి రాకూడదని లక్ష్యం పెట్టుకున్నారు. తమ అవసరాల్లో తవ్వకం 10 శాతం, రీసైక్లింగ్ 25 శాతం తమ దగ్గరే జరగాలన్నారు. శుద్ధికి మాత్రం 40 శాతం. అసలు చిక్కు ఎక్కడుందో వాళ్లకు తెలుసన్నమాట.

ఆ చిప్ ఎట్టకేలకు వచ్చాక మా విభాగంలో కూర్చుని, ఒకే ఒక్క సప్లయర్ ఉన్న వస్తువులన్నీ రాశాం. ముప్ఫై ఏడు తేలాయి. ఒక సీలు, ఒక కనెక్టర్, ఒక రకం గ్రీజు... ఖరీదైన వస్తువు అందులో ఒక్కటీ లేదు.