మొసళ్లని చూసి వచ్చేస్తే సరిపోదు

చి. సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

బాబు పుట్టినరోజుకి మాల్‌లో హాలు బుక్ చెయ్యకుండా చెన్నై దగ్గర మొసళ్లని పెంచి కాపాడే క్రొకడైల్ బ్యాంక్‌కి తీసుకెళ్దామనుకుంటున్నామని రాశావు. ఊరికే చూసి రావడం కాకుండా వాళ్లకి ఏదైనా సాయం చెయ్యాలనుంది, ఎలా అని కూడా అడిగావు. చెన్నైలో టీచరుగా ఉన్నన్నాళ్లూ ఏటా ఏదో ఒక తరగతి పిల్లల్ని అక్కడికి తోలుకెళ్లినదాన్ని కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను. ఓపిగ్గా చదువు.

ముందు, ఏ రోజు వెళ్లాలన్న సంగతి. పుట్టినరోజు ఆదివారం వచ్చింది కదా అని ఆదివారమే బయల్దేరకు. మహాబలిపురం వెళ్లే జనమంతా ఆవేళ దార్లో అక్కడ ఆగుతారు. గోల తప్ప నీకేమీ కనపడదు. వాళ్లకీ ఆదివారం టికెట్లు ఎలాగూ తెగుతాయి, నువ్వు వెళ్లాల్సింది ఎవరూ రాని రోజుల్లో. ఒకరోజు సెలవు పెట్టి మామూలు పనిదినాన, గేటు తీసే వేళకి అక్కడుండు. వారంలో ఒకరోజు మూసేస్తారు, ముందే ఫోన్ చేసి కనుక్కో. చెన్నై నుంచి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద నలభై కిలోమీటర్లు, వడనెమ్మేలి అనే ఊరు. బస్సులో అయితే మహాబలిపురం బస్సెక్కి కండక్టరుతో "ముదలై పణ్ణై" (అరవంలో మొసళ్ల ఫారం) అంటే చాలు, గేటు ఎదురుగానే దింపుతాడు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. మే నెలలో పదకొండు దాటిందా, ఆ ఇసుక నేల మీద పిల్లాడు కాదు కదా, నువ్వూ నడవలేవు.

లోపలికి వెళ్లాక తొందరపడొద్దు. జనం చేసే పని ఏమిటంటే, ఒక్కో గోడ దగ్గర ఫోన్ ఎత్తి ఫొటో తీసుకుని "కదలట్లేదు, బొమ్మేమో" అనేసి ముందుకు పోతారు. కొందరు కదిలిద్దామని గులకరాయి కూడా వేస్తారు. మొసలి నోరు తెరుచుకుని గంటల తరబడి అలాగే ఉంటుంది. అది కోపమూ కాదు, ఆకలీ కాదు, ఒంట్లో వేడి నోటి గుండా పోగొట్టుకోవడం. ఎండలో ఒళ్లు కాచుకోవడం, ఎక్కువైతే నోరు తెరవడం, ఇంకా ఎక్కువైతే నీళ్లలోకి జారడం, దాని పగలంతా ఇంతే. రోజూ తినే జంతువు కూడా కాదు. కాబట్టి ఒకే చెరువు దగ్గర అరగంట కూర్చోండి. బాబుకి ఒక నోట్ పుస్తకం ఇచ్చి, ఏది కదిలితే అది రాయమను. పది చెరువులు పరుగున చూసినదానికన్నా ఎక్కువ చూస్తాడు.

అలా కూర్చుంటే ఏం కనపడుతుందో ఒకటి చెప్తాను. ఆ ఆవరణలో చెట్ల మీద కొంగలు గూళ్లు కడతాయి, కింద చెరువులో మగ్గర్ మొసళ్లు ఉంటాయి. కొంగలు గూడు కట్టే రోజుల్లో పుల్లల కోసం తెగ వెతుక్కుంటాయి. అప్పుడు కొన్ని మొసళ్లు ముట్టె మీద రెండు మూడు పుల్లలు పెట్టుకుని నీళ్లలో కదలకుండా తేలుతుండటం అక్కడ కొందరు పరిశోధకులు గమనించారు. పుల్ల కోసం వంగిన కొంగ గతి ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. 2013లో ఈ సంగతి బయటికొచ్చినప్పుడు "మొసలి పనిముట్టు వాడుతోంది" అని పెద్ద చర్చ జరిగింది. కావాలనే పెట్టుకుంటుందా, నీళ్లలో తేలే పుల్ల దానంతటదే వచ్చి చేరిందా అని శాస్త్రజ్ఞుల్లో ఇంకా వాదన ఉంది. బాబునే చూసి తేల్చమను.

ఇక అక్కడున్న మన దేశపు మొసళ్లు మూడు. మంచినీళ్లలో ఉండే మగ్గర్, సముద్రపు ఒడ్డున ఉప్పునీళ్లలో బతికే పెద్ద మొసలి, గంగ వైపు నదుల్లో చేపలు తిని బతికే సన్నమూతి ఘరియాల్. ఇవిగాక విదేశీ రకాలు కూడా చాలా ఉన్నాయి. జనం వాటి దగ్గరే మూగుతారు. నువ్వు మాత్రం ముందు ఈ మూడింటినీ తనివితీరా చూసి తర్వాత వాటి దగ్గరికి వెళ్లు. ముఖ్యంగా ఘరియాల్. పెద్ద మగదానికి ముక్కు చివర ఒక బుడిపె ఉంటుంది. దానితోనే బుసలాంటి చప్పుడు చేసి ఆడవాటిని పిలుస్తుంది. చంబల్ నదిలో 2007-08 చలికాలంలో వందకు పైగా ఘరియాల్స్ చచ్చిపోయాయి. ఆ తర్వాత నుంచీ ఈ సంస్థ మనుషులు ఆ నదిలో వాటి వెంట తిరుగుతూ, ఎక్కడ గుడ్లు పెడుతున్నాయి, ఎంత దూరం పోతున్నాయి అని లెక్కలు తీస్తున్నారు. ఈసీఆర్ పక్కన కనిపించే గేటు వెనకాల ఇంత పని ఉంటుందని చాలామందికి తెలియదు.

ఈ చోటు పుట్టింది 1976లో. తోళ్ల కోసం వేటాడి వేటాడి మొసళ్లు అంతరించిపోయే స్థితికి వచ్చాక, రోములస్ విటేకర్, జై విటేకర్, మరికొందరు కలిసి కొద్ది మొసళ్లతో మొదలుపెట్టారు. గుడ్లు పెట్టించి, పిల్లల్ని పెంచి, అడవుల్లోకి తిరిగి పంపాలని ఉద్దేశం. మగ్గర్లు వాళ్లు అనుకున్నదానికన్నా బాగా పెరిగాయి, ఏడాదికి రెండుసార్లు గుడ్లు పెట్టడం కూడా ఇక్కడే గమనించారు. పిల్ల ఆడదా మగదా అన్నది గుడ్డు పొదిగే వేడిని బట్టి తేలుతుందని, సుమారు 28 నుంచి 31 డిగ్రీల మధ్య అన్నీ ఆడవే అవుతాయని, 32.5 దగ్గర మగవి ఎక్కువని ఇక్కడి గుడ్ల మీద పని చేసే కనిపెట్టారు. పిల్లలు గుడ్డులోంచి కూత పెడితే తల్లి వచ్చి ఇసుక తవ్వి, నోట్లో పెట్టుకుని నీళ్లకి మోసుకెళ్తుంది. మగ్గర్లలో తండ్రి కూడా ఆ పని చేస్తాడు, ఇదీ ఇక్కడే చూశారు. మీ ఆయనకి ఈ ముక్క తప్పకుండా చదివి వినిపించు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మొసళ్లయితే పెరిగాయి గానీ వదలడానికి చోటు లేకుండా పోయింది. చెరువులు పూడ్చి, నదుల ఒడ్డున జనం పెరిగాక, "మా ఊరి చెరువులో మొసళ్లు వదలండి" అని ఏ ఊరు అడుగుతుంది? వదలడం ఆగిపోయింది, ఉన్నవి ఇక్కడే ఇరుకైపోయాయి, కొత్తగా పెట్టిన గుడ్లు తీసేయాల్సి వచ్చింది. చివరికి వెయ్యి మగ్గర్లని గుజరాత్‌లోని జామ్‌నగర్‌కి పంపడానికి అనుమతి వచ్చింది. దాని మీద కేసు వేస్తే 2022లో మద్రాసు హైకోర్టు కొట్టేసింది. అంత దూరం పంపడమేమిటని బాధపడినవాళ్లు ఉన్నారు. నా మటుకు నాకు, ఒకదాని మీద ఒకటి పడి ఉండటం కన్నా అదే మేలనిపిస్తుంది. నేనిదంతా ఎందుకు చెప్తున్నానంటే, జంతువుల్ని కాపాడటమంటే పిల్లల్ని పుట్టించడం ఒక్కటే అనుకుని డబ్బిచ్చేవాళ్లు ఎక్కువ. ఆ పని ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు ఖర్చంతా ఉన్నవాటిని పోషించడం మీదా, వైద్యం మీదా, నీళ్లు మార్చడం మీదా. ఫొటోలో పడని ఖర్చు అన్నమాట. మొసలి దశాబ్దాల తరబడి బతుకుతుంది. ఆ బిల్లు కూడా అన్నాళ్లూ వస్తూనే ఉంటుంది.

అందుకని సాయం విషయంలో నా మాట ఇది: ఒక్కసారి పెద్ద మొత్తం ఇచ్చి మర్చిపోయేకన్నా, చిన్న మొత్తమైనా ఏటా ఇవ్వు. ఆ చోటు ప్రధానంగా గేటు టికెట్ల మీద నడుస్తుంది. 2020లో లాక్‌డౌన్ సరిగ్గా వేసవి సెలవుల ముందు వచ్చి గేటు మూతపడితే, సిబ్బంది జీతాలకీ తిండికీ ఇబ్బంది అని వాళ్లు బహిరంగంగా విరాళాలు అడిగారు. జనం రావడం ఆగినా మొసలికి తిండి ఆపలేరు కదా. కాబట్టి మీ ఫ్లాట్లలో వాళ్లని, ఆఫీసు వాళ్లని తలా ఒకసారి రప్పించు, అదీ సాయమే. జంతువుని దత్తత తీసుకునే పథకం కూడా ఉంది, ఒక జంతువు తిండి ఖర్చు మనం కడతాం. దత్తత అంటే ఇంటికి తెచ్చుకోవడం కాదని బాబుకి ముందే చెప్పు, లేకపోతే గేటు దగ్గర ఏడుపు. అందరూ పేరున్న పెద్ద మొసలినీ, కొమొడో డ్రాగన్ అనే పెద్ద బల్లినీ ఎంచుకుంటారు. నువ్వు మామూలు మగ్గర్‌నో, ఎవరూ చూడని తాబేలునో తీసుకో. రసీదు అడిగి తీసుకో, పన్ను మినహాయింపుకి పనికొస్తుందేమో కూడా అక్కడే కనుక్కో. వస్తువులు ఇవ్వాలనుకుంటే వాళ్లకి ఏం కావాలో అడిగి కొను. మనింట్లో మిగిలినవి మూటగట్టి పట్టుకెళ్లకు. పని చేస్తానంటే వాలంటీర్లని తీసుకుంటారు గానీ, మొసలిని ఒళ్లో పెట్టుకునే పని కాదది. తిండి తరగడం, చెరువులు కడగడం. కాలేజీలో ఉన్న మీ ఆడపడుచు కొడుక్కి చెప్పి చూడు, ఫోన్ కాస్త పక్కన పెడతాడు.

పుట్టినరోజు అంటున్నావు కనక ఒక జాగ్రత్త. బెలూన్లు, చమ్కీ కాగితాలు, చిప్స్ పొట్లాలు వద్దు. నీళ్లు కనపడితే నాణెం విసరడం మన చేతికి పుట్టుకతో వచ్చిన అలవాటు, రైలు గోదావరి దాటుతుంటే చూశావుగా. ఇక్కడ ఆ నాణెం మొసలి పొట్టలోకి పోతుంది. పిల్లల జేబులు ముందే ఖాళీ చేయించు. కేక్ ఇంటికొచ్చి కోసుకోండి.

ఆవరణలోనే ఇరులర్ గిరిజనుల పాముల సహకార సంఘం ఉంది. అది మాత్రం వదలకుండా చూడండి, టికెట్ వేరే. మన నెల్లూరు వైపు యానాదుల్లాగే ఇరులర్లు కూడా ఎలకల్నీ పాముల్నీ పట్టడంలో ఆరితేరినవాళ్లు. ఒకప్పుడు తోళ్ల వ్యాపారులకి పాముల్ని అమ్మి బతికేవాళ్లు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో అది ఆగిపోయి బతుకుతెరువు పోతే, 1978లో ఈ సంఘం పెట్టారు. పాముని చంపకుండా విషం తీసి అమ్మడం వీళ్ల పని. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగే. మట్టి కుండల్లో పెట్టి మూతికి గుడ్డ కట్టి ఉంచుతారు. గుడ్డ విప్పి, పాముని బయటికి తీసి, తల పట్టుకుని గాజు పాత్ర అంచు కరిపిస్తే లోపలికి పసుపుపచ్చగా కాస్త జారుతుంది. అంతే విషం. ఒక్కో పాముని నాలుగు వారాలు ఉంచుకుని నాలుగుసార్లు తీసి, పొట్ట మీది పొలుసుకి గుర్తు పెట్టి అడవిలో వదిలేస్తారు. ఆ గుర్తున్న పామే మళ్లీ దొరికితే వెంటనే వదిలేస్తారు.

దేశంలో పాముకాటు మందు చేసే కంపెనీలకి వెళ్లే విషంలో చాలా భాగం ఈ కుండల్లోంచే పోతుంది. 2000 నుంచి 2019 దాకా లెక్క తీస్తే మన దేశంలో ఏడాదికి సగటున 58 వేల మంది పాముకాటుతో పోయారట. ఎక్కువగా పోయిన రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మీ తాతగారి ఊళ్లో వరికోతల్లో కరిచిన మనిషికి ఎక్కించిన మందు మూలం ఇక్కడిదే కావచ్చు. 2023లో వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరు ఇరులర్లకి పద్మశ్రీ ఇచ్చారు. పాము కనపడగానే కర్ర తీసే మన ఇళ్లల్లో బాబుకి ఈ ఇద్దరి పేర్లు నేర్పు.

చివరగా నీకు కాస్త కష్టంగా అనిపించే మాట. మీ అత్తగారింట్లో పంజరంలో రామచిలక ఉందని విన్నాను. మన దేశపు చిలకల్ని పెంచుకోవడం నేరం, చిలక జోస్యం వాడి దగ్గరున్నా, మనింట్లో ఉన్నా ఒకటే. అక్వేరియం షాపుల్లో లోపాయికారీగా చూపించే నక్షత్ర తాబేలూ అంతే. అదృష్టం కలిసొస్తుందని ఎవరైనా ఇస్తే పుచ్చుకోకు. ఆవిడతో గొడవ పడొద్దు. అటవీశాఖ వాళ్లకి అప్పగించవచ్చని మెల్లగా చెప్పు. రెక్కలు కత్తిరించిన చిలకని పుణ్యమని బాల్కనీలోంచి వదిలితే కాకులు చంపేస్తాయి. మీరు ఫ్లాట్ కొందామని చూస్తున్న పళ్లికరణై వైపు సంగతి కూడా ఇదే. అక్కడి చిత్తడి నేల 2022లో రామ్‌సార్ జాబితాలోకి, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. దాని పక్కన "లేక్ వ్యూ" అని అమ్ముతున్నారంటే ఆ నీళ్లు ఎక్కడికి పోవాలో ఒకసారి ఆలోచించి, 2015 డిసెంబరు వరదల్లో ఆ వీధి ఎలా ఉండిందో పక్కింటివాళ్లని అడిగి, అప్పుడు అడ్వాన్సు ఇవ్వు. మొసలికి ఏటా డబ్బు కట్టి, కొంగల చెరువులో ఇల్లు కొంటే ఏం లాభం?

వెళ్లే రోజు ఖాయం కాగానే ఫోన్ చెయ్యి, వీలుంటే నేనూ వస్తాను. నా మోకాళ్లకి మధ్యమధ్యలో కూర్చోవాలి, అది నీకూ మంచిదే. రెండు గొడుగులు, స్టీలు సీసాలో నీళ్లు, పులిహోర. పులిహోర నేను చేస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ