బ్యాకప్ డిస్కును ఊడదీసి ఇంటికి తీసుకెళ్లండి

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ ఎగుమతి చేసే చిన్న ఆఫీసు మాది. ఏడు కంప్యూటర్లున్నాయి. లెక్కలు, ఇన్వాయిస్‌లు, బ్లాకుల ఫొటోలు కలిపి 300 జీబీ దాకా వచ్చాయి. సర్వర్ కోసం ఒంగోలులో అడిగితే లక్షా ఎనభై వేలకు కొటేషన్ ఇచ్చారు. రెండు డిస్కులతో రైడ్ ఉంటుంది కాబట్టి వేరే బ్యాకప్ అక్కర్లేదన్నారు. ఆడిటర్ గారు ఇంటి నుంచే లెక్కలు చూసుకునేలా రిమోట్ డెస్క్‌టాప్ కూడా పెట్టిస్తామన్నారు. తీసుకోవచ్చా?

జవాబు: సర్వర్ సంగతి త్వరగానే తేలిపోతుంది. మీ లెక్కల సాఫ్ట్‌వేర్‌కు సొంత డేటాబేస్ సర్వర్ కావాలంటే ఒక మామూలు సర్వర్ కొనండి. ఫైళ్లు పంచుకోవడానికే అయితే రెండు డిస్కులు పట్టే చిన్న నెట్‌వర్క్ స్టోరేజీ పెట్టె ఏడుగురికి సరిపోతుంది. మిగిలిన డబ్బు బ్యాకప్‌కు పెట్టండి.

'రైడ్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకు' అనే మాట నాకు వచ్చే ఉత్తరాల్లో ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పడం మానుకోవాలి. ఒకే డేటాను రెండు డిస్కుల్లోనూ రాస్తూ, ఒక డిస్కు చెడిపోతే పని ఆగకుండా చూడటమే ఈ రైడ్ చేసే పని. మీ గుమాస్తా పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపేస్తే అది రెండో డిస్కులోనూ ఆ క్షణమే చెరిగిపోతుంది. వైరస్ పడినా అంతే, పెట్టెను దొంగ ఎత్తుకుపోయినా అంతే.

కొటేషన్‌లో నన్ను ఎక్కువగా భయపెట్టింది మాత్రం రిమోట్ డెస్క్‌టాప్. రౌటర్‌లో ఆ దారి తెరిచి పెడితే సర్వర్ లాగిన్ తెర ప్రపంచమంతటికీ కనిపిస్తుంది. అలా తెరిచి ఉన్న తలుపుల కోసం రాత్రింబవళ్లు వెతికే ప్రోగ్రాములున్నాయి. మీది చీమకుర్తా, చికాగోనా అని అవి చూడవు. పాస్‌వర్డ్‌గా ఆఫీసు పేరు పక్కన 123 తగిలించి ఉంటే ఇక చెప్పేదేముంది?

కిందటేడు నెల్లూరులో తెలిసినవాళ్ల ఆఫీసులో సరిగ్గా ఇలాగే లోపలికొచ్చిన ఒక వైరస్ ఫైళ్లన్నిటికీ తాళం వేసింది. నేను వెళ్లేసరికి ప్రతి ఫైలు పేరు చివరా అర్థంకాని అవే నాలుగు అక్షరాలు. ప్రతి ఫోల్డర్‌లోనూ డబ్బు అడుగుతూ ఒక చీటీ. బ్యాకప్ లేదా అంటే ఉందన్నారు. సర్వర్ వెనక, రెండేళ్లుగా ఊడదీయని ఎక్స్‌టర్నల్ డిస్కు. దాని నీలం దీపం చక్కగా వెలుగుతోంది. తెరిచి చూస్తే అందులోనూ అవే నాలుగు అక్షరాలు. లెక్కలు చూసే ఆవిడ పాత బిల్లుల కట్టలు నేల మీద పరుచుకుని, పిన్నులు ఊడదీస్తూ ఒక్కొక్క బిల్లూ మళ్లీ ఎక్కిస్తున్నారు. జీఎస్టీ లెక్కలను వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలని చట్టం చెబుతుంటే, ఆ ఆఫీసులో మిగిలింది ఆ కాగితాలే.

అందుకే ఆడిటర్ గారికి వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా మీ ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వేసే రహస్య దారి) ద్వారానే దారి ఇవ్వండి, దానికి ఫోనుకు వచ్చే రెండో కోడ్ కూడా పెట్టించండి. కుదరదంటే వారానికోసారి డేటా ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టి పంపండి. ఆయనకు కొంత ఇబ్బందే, అయినా తప్పదు.

ఇక బ్యాకప్. లెక్కల డేటాబేస్ తెరిచి ఉండగా ఫైలును ఊరికే కాపీ చేస్తే ఆ కాపీ తర్వాత తెరుచుకోకపోవచ్చు. ముందు సాఫ్ట్‌వేర్‌లోని బ్యాకప్‌తోనే ఫైలు తీయించి, దాన్ని దాచండి. రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు కొనండి. ఒకటి ఆఫీసులో ఉన్న వారం రెండోది మీ ఇంటి బీరువాలో ఉండాలి, శనివారం మార్చుకోవాలి. ఆఫీసులో ఉన్నదాన్నీ కాపీ అయ్యాక ఊడదీయాలి. దీనికి తోడు, పాత ప్రతులను కనీసం నెల రోజులు ఉంచే క్లౌడ్ బ్యాకప్ ఒకటి. అప్‌లోడ్ వేగం 50 ఎంబీపీఎస్ ఉంటే 300 జీబీ మొదటిసారి ఎక్కడానికి దాదాపు 13 గంటలు పడుతుంది. ఆ తర్వాత రోజూ మారినవే వెళ్తాయి. మీది కంపెనీగా నమోదైతే, కంప్యూటర్లో రాసే లెక్కలను మన దేశంలో ఉన్న సర్వర్‌లోకి రోజూ బ్యాకప్ తీయాలని 2022 ఆగస్టు నుంచి నిబంధన ఉంది. క్లౌడ్ ఎంచుకునేటప్పుడు ఆ సంగతి అడగండి.

ఆఫీసు బయట ఒక ప్రతి ఉండాలని నేను ఇంత పట్టుబట్టడానికి 2021 నవంబరు పెన్నా వరద ఒక కారణం. నీళ్లు గదిలోకి వస్తే సర్వరూ, పక్కనున్న డిస్కూ కలిసే తడుస్తాయి. మీ చీమకుర్తిలో దానికి తోడు రాతి పొడి. కోత యంత్రాలకు దూరంగా, తలుపు బిగుతుగా పడే గదిలో, నేలకు రెండడుగుల ఎత్తున పెట్టించండి. యూపీఎస్ నుంచి సర్వర్‌కు డేటా కేబుల్ కలిపారో లేదో మీరే వంగి చూడండి. అది లేకపోతే బ్యాటరీ అయిపోతోందని సర్వర్‌కు తెలియదు, రాసే ఫైలు సగంలో ఉండగానే ఆరిపోతుంది.

ఈ నెట్‌వర్క్ పెట్టెలు తయారు చేసేవాళ్ల మీద నాకు చాలా కోపముంది. పెట్టె తెరవగానే 'ఎక్కడి నుంచైనా మీ ఫైళ్లు చూసుకోండి' అంటూ ఇంటర్నెట్‌కు దారి తెరవమని అడుగుతుంది. పాస్‌వర్డ్ మార్చమని గట్టిగా అడగదు. భద్రతా అప్‌డేట్‌ను మాత్రం మూడు మెనూల లోపల దాస్తారు. అప్‌డేట్లను వాయిదా వేసే మనమూ తక్కువేం కాదు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ సుమారు 150 దేశాలకు పాకి, మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లనూ పట్టుకుంది. దాన్ని అడ్డుకునే అప్‌డేట్ ఆ ఏడాది మార్చిలోనే వచ్చింది.

కొనే ముందు ఆ దుకాణం వాళ్లను ఒక్క పని చేసి చూపించమనండి. మూడు నెలల నాటి ఒక ఇన్వాయిస్‌ను బ్యాకప్ నుంచి వేరే కంప్యూటర్లోకి తీసి, మీ కళ్ల ముందు తెరవాలి. చేయలేకపోతే వేరే దుకాణం చూసుకోండి. చేస్తే, ప్రతి నెలా మొదటి శనివారం అదే పని మీ గుమాస్తాతో చేయించండి.