అమ్మని తీసుకుని కుమానో కొదో నడవాలంటే నాలుగు రోజులు సరిపోతాయా? నా జవాబు

నవంబర్ మూడో వారంలో మీరు, మీ ఆవిడ, అరవై రెండేళ్ళ మీ అమ్మగారు కలిసి జపాన్‌లోని పాత యాత్రాబాట కుమానో కొదో మీద తకిజిరి అనే చోటు నుంచి హోంగూ గుడి మీదుగా నాచి గుడి దాకా నాలుగు రోజుల్లో నడవాలనుకుంటున్నామని రాశారు. అమ్మగారు ఏటా అలిపిరి మెట్లెక్కి తిరుమల వెళ్తారు కాబట్టి ఇబ్బంది ఉండదన్నారు. ఆవిడ శాకాహారి. ఆ తేదీల్లో మీ ఆవిడకి నెలసరి వస్తే గుళ్ళలోకి రానిస్తారా అని కూడా అడిగారు. ముందు అసలు సంగతి చెప్పేస్తాను: అమ్మగారిని తప్పకుండా తీసుకెళ్ళండి, కానీ ఈ ప్లాన్‌తో మాత్రం వద్దు.

నేను ఒసాకా దగ్గర నాలుగేళ్ళు ఉన్నాను. ఈ బాట రెండుసార్లు నడిచాను, మొదటిసారి ఆఫీసు స్నేహితుడితో ఆ చివర నుంచి ఈ చివరదాకా, రెండోసారి మా అమ్మానాన్నలతో ఒక ముక్క మాత్రమే. నన్ను అడిగితే ఆ రెండోదే నిజమైన యాత్ర అంటాను.

అలిపిరితో పోల్చుకోవడం దగ్గరే అందరం పొరబడతాం. నేనూ అదే లెక్క వేసుకుని వెళ్ళాను. అలిపిరిలో 3,550 మెట్లున్నా దారి పొడుగునా పైన కప్పు, పక్కన కొట్లు, మంచినీళ్ళు, లైట్లు, జనం ఉంటారు. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడ మనం ఎక్కుతామే గానీ దిగం, దర్శనం అయ్యాక బస్సెక్కి కిందికి వస్తాం. కుమానోలో ఎక్కినంతా దిగాలి. నాచు పట్టిన రాళ్ళు, వాటి మధ్య దేవదారు వేళ్ళు, వాన పడితే అవి సబ్బు రాసినట్టు ఉంటాయి. కీ ద్వీపకల్పం జపాన్‌లో బాగా వానలు పడే చోట్లలో ఒకటి, నవంబర్ కాస్త నయమే అయినా వాన కోటు లేకుండా బయల్దేరకండి. కొగుచి నుంచి నాచికి వెళ్ళే ఒగుమొతొరి దారి 14 కిలోమీటర్ల పైచిలుకు, అందులో దొగిరిజక అనే ఎక్కుడు ఉంది, ఒళ్ళు విరిచే ఎక్కుడు అని దాని అర్థం. దాదాపు 800 మీటర్లు ఏకబిగిన ఎక్కాలి. అదంతా ఎక్కేసిన నా స్నేహితుడికి చివర్లో నాచి వైపు రాతిమెట్లు దిగుతుంటే మోకాలు పట్టేసింది, ముప్పై ఏళ్ళ మనిషి పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగాడు. మీ అమ్మగారిని ఆ రోజులోకి తీసుకెళ్ళకండి.

ఇంకో సంగతి వెలుతురు. తకిజిరి నుంచి హోంగూకి మొత్తం 38 కిలోమీటర్లు, అందులో దారి మధ్యలోని చికత్సుయు ఊరి నుంచి హోంగూ ఒక్కటే దాదాపు 25. మొదటిసారి మేం ఆ ముక్కకి తాపీగా ఎనిమిదిన్నరకి బయల్దేరాం. నవంబర్‌లో అక్కడ ఐదు అయ్యేసరికి పొద్దు గుంకుతుంది, చెట్లు దట్టంగా ఉన్నచోట నాలుగింటికే దారి కనపడదు. చివరి ఏడు కిలోమీటర్లు ఫోన్ లైటు వేసుకుని నడిచాం. హోంగూలో మేం దిగాల్సిన మిన్షుకు, అంటే ఇంట్లోవాళ్ళే నడుపుకునే చిన్న బస, ఆ ఇంటి పెద్దావిడ రోడ్డు మీదకి వచ్చి టార్చి పట్టుకుని నిలబడి ఉంది. అక్కడ రాత్రి భోజనం ఆరింటికి, మేం చేరింది ఏడు దాటాక. ఆవిడ ఒక్క మాట అనలేదు, మా చేతులు పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి అన్నం మళ్ళీ వేడి చేసింది. ఒక ముసలావిడని అలా చలిలో నిలబెట్టినందుకు నాకు ఇప్పటికీ బాధే. మీరు ఏ రోజు నడిచినా ఏడింటికల్లా బయల్దేరండి, సాయంత్రం నాలుగుకల్లా బస చేరేలా చూసుకోండి.

కాబట్టి నా సలహా, కిలోమీటర్లతో మొదలుపెట్టకండి. ముందు పడక, తర్వాత బస్సు, ఆ తర్వాతే నడక. దారిలో ఊళ్ళు చిన్నవి, ఒక్కో బసలో నాలుగైదు గదులుంటే గొప్ప, నవంబర్ ఆకులు ఎర్రబడే కాలం కాబట్టి నెలల ముందే నిండిపోతాయి. కుమానో ట్రావెల్ అనే సైట్‌లో బసలు, సామాను ఒక బస నుంచి ఇంకో బసకి చేరవేసే సర్వీసు రెండూ ఇంగ్లీషులోనే బుక్ చేసుకోవచ్చు. సామాను పంపించేయడానికి డబ్బు వెనకాడకండి, వీపు మీద నీళ్ళు, వాన కోటు, తినడానికేదైనా ఉంటే చాలు. చాలా బసల్లో కార్డు తీసుకోరు, నోట్లు దగ్గర పెట్టుకోండి.

మీ నాలుగు రోజులకి నేనైతే ఇలా వేస్తాను. మొదటి రోజు ఒసాకా నుంచి కురోషియో రైల్లో కీ-తనబె, రెండు గంటల పైన పడుతుంది. స్టేషన్ పక్కనే సమాచార కేంద్రం ఉంది, అక్కడ మ్యాపు, ఆ రోజు బస్సు టైములు తీసుకుని నేరుగా యునొమినె అనే వేడినీళ్ళ ఊటల ఊరికి వెళ్ళే బస్సెక్కండి. ఇంకో రెండు గంటలు కొండ దారి, అమ్మగారికి బస్సు పడకపోతే మాత్ర ముందే వేయించండి. యునొమినెలో రెండు రాత్రులు ఉండండి. రెండో రోజు పొద్దున్నే బస్సులో హొస్షిన్‌మోన్ చేరి, అక్కడి నుంచి హోంగూకి ఏడు కిలోమీటర్లు ముగ్గురూ కలిసి నడవండి. మూడో రోజు బస్సులో షింగూ, హయతమ గుడి చూసుకుని నాచికి, రాత్రి కీ-కత్సుఉరలో. నాలుగో రోజు రైల్లో ఒసాకా. తకిజిరి ఎక్కుడు, ఒగుమొతొరి మీ ఇద్దరికీ తప్పనిసరి అనుకుంటే ఇంకో రెండు రోజులు సెలవు పెట్టండి, లేదా ఇంకోసారి రండి. అవి వెయ్యేళ్ళుగా అక్కడే ఉన్నాయి.

ఆ ఏడు కిలోమీటర్లే అంటే తక్కువ చేసి చెప్తున్నాననుకోకండి. హొస్షిన్‌మోన్ అంటే బోధికై మనసు పుట్టే ద్వారం, పూర్వం హోంగూ క్షేత్రం అక్కడి నుంచే మొదలైనట్టు లెక్క. మామూలుగా రెండు మూడు గంటల దారి, అమ్మానాన్నలతో మేం నాలుగు గంటలు నడిచాం. మొదట ఊళ్ళ మధ్య నుంచి వెళ్తుంది, తేయాకు చేలు, మనిషి లేని చిన్న బల్లకొట్లు, ఉమెబోషి, అంటే ఉప్పులో ఊరవేసిన పుల్లటి ఉమె కాయల పొట్లం తీసుకుని డబ్బాలో నాణెం వేసి వెళ్ళిపోవడమే. తర్వాత అడవి. మొత్తం దిగుడే ఎక్కువ గానీ నెమ్మదైన దిగుడు. తకిజిరి నుంచి ప్రతి అర కిలోమీటరుకీ నంబరు వేసిన కొయ్య ఉంటుంది, 75వది దాటాక హోంగూ వచ్చేసినట్టే. ఎవరికైనా ఇబ్బంది అయితే ఆ నంబరు చెప్తే చాలు, ఎక్కడున్నారో తెలిసిపోతుంది, కానీ ఫోన్ సిగ్నల్ అడవిలో అన్నిచోట్లా రాదు.

దారిలో ఓజి అనే చిన్న చిన్న గుళ్ళు వస్తాయి, కొన్నిచోట్ల గుడి పోయి రాయి మాత్రమే మిగిలింది. ప్రతి ఓజి దగ్గరా పిచ్చుక గూడులాంటి చెక్కపెట్టె, అందులో ముద్ర, సిరా. మా అమ్మకి ఆ ముద్రలు ప్రాణమైపోయాయి. మొదటి ఓజి దగ్గర ముద్ర సగమే పడింది. ఆవిడ చెప్పులు విప్పి, పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, రెండు చేతులతో నొక్కి పట్టి మనసులో పది లెక్కపెట్టింది. తీసి చూస్తే గీతలన్నీ స్పష్టంగా వచ్చాయి. ఆ సిరా ఆరేదాకా పుస్తకం మూయనివ్వలేదు, పమిట చెంగుతో విసురుతూ నిలబడింది. వెనక వచ్చిన జపాన్ దంపతులు తొందర పెట్టకపోగా వాళ్ళూ అలాగే పది లెక్కపెట్టి నొక్కారు. ముద్రల పుస్తకం కీ-తనబెలోనే తీసుకోండి, అమ్మగారి చేతిలో పెట్టండి.

మీ ఆవిడ ప్రశ్నకి జవాబు కూడా ఆ దారిలోనే ఉంది. మధ్యలో ఫుషిఒగామి అనే చోటు వస్తుంది, సాగిలపడి మొక్కే చోటు అని అర్థం, హోంగూ లోయ మొదటిసారి కనపడేది అక్కడే, మన మోకాళ్ళ మెట్టు గుర్తొస్తుంది. వెయ్యేళ్ళ కిందటి కవయిత్రి ఇజుమి షికిబు అక్కడిదాకా వచ్చాక నెలసరి వచ్చిందని, ఇక గుడికి వెళ్ళే భాగ్యం లేదని దుఃఖంతో ఒక పద్యం రాసుకుందని, ఆ రాత్రి కుమానో దేవుడు కలలో కనపడి నాకేమీ అభ్యంతరం లేదు రమ్మన్నాడని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఆడా మగా, ఉన్నవాడూ లేనివాడూ, రోగి, అంధుడు, ఎవరైనా రావచ్చన్నదే కుమానోకి ఉన్న పేరు. చక్రవర్తి పదవి నుంచి దిగిపోయిన గో-షిరకవ ముప్పైసార్లకు పైగా వచ్చాడు, సామాన్యులు కూడా చీమల బారులా వచ్చేవారట. అదే ద్వీపకల్పంలో ఒమినె కొండ శిఖరానికి ఇప్పటికీ ఆడవాళ్ళని ఎక్కనివ్వరు, కాబట్టి ఈ తేడా చిన్నదేం కాదు. మీ ఆవిడని నిశ్చింతగా నడవమనండి. మా అమ్మ ఈ కథ విని అక్కడున్న ఓ రాయి దగ్గర చాలాసేపు కూర్చుంది, ఏం అనుకుందో నేను అడగలేదు.

ఈ దారిన వస్తే హోంగూ గుడికి వెనకవైపు నుంచి చేరతాం, ముందువైపు ఉన్న 158 మెట్లు ఎక్కక్కర్లేదు, దర్శనం అయ్యాక దిగితే చాలు. దిగాక తప్పకుండా ఒయునొహరకి నడవండి. 1889 వరదలో కొట్టుకుపోయేదాకా గుడి ఉన్నది ఆ నది ఒడ్డునే, మిగిలిన భాగాలని తర్వాత కొండ మీదకి తరలించారు. ఇప్పుడక్కడ దాదాపు 34 మీటర్ల తొరీ, అంటే గుడి ముందుండే ద్వారం ఒకటి, లోపల చెట్లు, ఖాళీ పచ్చిక.

ఇక తిండి. కూరగాయల పులుసులోనూ దాషి పడుతుంది, అది ఎండు చేప తురుముతో కాచిన నీళ్ళు. వెజిటేరియన్ అంటే సరిపోదు, మాంసం, చేప, చేపతో కాచిన దాషి వద్దని విడివిడిగా, బుకింగ్ చేసేటప్పుడే రాయండి, వెళ్ళాక చెప్తే వాళ్ళకి వేరే వండే దారి ఉండదు. మాకు ముందే చెప్పినందుకు అన్నం, తోఫు, కొండ ఆకుకూరలు, ఉమెబోషి పెట్టారు. ఆ ఉమెబోషి మన ఊరగాయ కన్నా పులుపూ ఉప్పూ ఎక్కువ, మా నాన్న దాన్నే నంజుకుని రెండు గిన్నెలు లాగించారు. పులిహోర పొడి, అటుకులు తెచ్చుకోండి, పచ్చి కరివేపాకు, పళ్ళు విమానంలో తేకండి, ఆపేస్తారు.

యునొమినెలో వీధి మధ్యన ఊట 90 డిగ్రీల దాకా మరుగుతూ ఉంటుంది, వలసంచిలో చిలగడదుంపలు కట్టి అందులోకి దించి కూర్చోవచ్చు. అమ్మగారికి అదే సాయంత్రం టిఫిన్. పక్కనే త్సుబొయు అనే చిన్న స్నానపు గది, ఇద్దరు పట్టేంత, ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది, అరగంట చొప్పున వంతులిస్తారు. బసల్లోని వేడినీళ్ళ తొట్లలో బట్టలు లేకుండా దిగాలి, ఆడా మగా వేరువేరు, ముందు బయట కూర్చుని ఒళ్ళు శుభ్రంగా కడుక్కోవాలి. అమ్మగారికి ఇది ముందే చెప్పండి, మొహమాటపడితే లోపల గడియ పెట్టుకునే గది ఉన్న బస చూడండి.

నాచిలో దైమోన్‌జక 267 మెట్లు, పాత దేవదారుల మధ్య, అందం అంతా అక్కడే ఉంది, కానీ తర్వాత గుడికి ఇంకో నాలుగొందల పైనే ఉంటాయి. అమ్మగారు అలసిపోతే బస్సు దైమోన్‌జక మెట్ల పైదాకా వెళ్తుంది, మీరిద్దరూ మెట్లెక్కి వెళ్ళి కలవండి. 133 మీటర్ల జలపాతం ముగ్గురూ కలిసే చూడండి.

తేదీలు ఖాయమైతే ఈ రాత్రే యునొమినె గదులు చూడండి. అక్కడ దొరక్కపోతే కవాయు చూడండి, బస్సు దూరమే. అక్కడ వేడినీళ్ళు నది ఇసుకలోంచే ఊరుతాయి, చేత్తో గులకరాళ్ళు తోడి గుంట చేసుకుని కాళ్ళు పెట్టుకుంటే నడిచిన నొప్పులు తగ్గుతాయి.