స్టార్టర్ షెడ్డులో ఉంది, గుంట గట్టు మీద ప్రతి ఏరేటర్‌కూ వేరే ఐసోలేటర్ కావాలా?

కావాలి. ఏరేటర్ అంటే గుంట నీళ్ళకు గాలి పట్టించే యంత్రం, ఐసోలేటర్ అంటే దానికి వచ్చే కరెంటును పూర్తిగా తెంచి ఉంచే స్విచ్. విడవలూరు వైపు రొయ్యల గుంట, 2 హెచ్‌పీ త్రీఫేజు ఏరేటర్లు ఆరు, స్టార్టర్ ప్యానెల్ 80 మీటర్ల అవతల షెడ్డులో అని రాశారు. ఎలక్ట్రీషియన్ మాత్రం 'షెడ్డులో ఎంసీబీ (షార్ట్ అయినా, లోడ్ మించినా తనే పడిపోయే స్విచ్) దించితే చాలు' అన్నాడన్నారు. ఆ మాట ఒప్పుకోకండి.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు 2010లో వచ్చాయి, 2023లో వాటిని తిరగరాశారు. అంతకుముందు 1956 నాటి రూల్సులో, మోటారు స్విచ్ గురించిన ఈ నియమం 50వ రూలు. అది చెప్పేదేమంటే, మోటారుకు, లేదా ఒకే యంత్రాన్ని నడిపే మోటార్లన్నిటికీ కలిపి, అన్ని ఫేజులనూ ఒక్కసారే తెంచే లింక్డ్ స్విచ్ గానీ బ్రేకర్ గానీ ఉండాలి. అది మోటారు పక్కనే, పని చేసే మనిషి చేతికి సులువుగా అందేట్టు ఉండాలి. మీ ఆరు ఏరేటర్లూ ఆరు యంత్రాలు, కాబట్టి అన్నిటికీ కలిపి ఒకే స్విచ్ కుదరదు. యూట్యూబ్‌లో చెప్పే '50 అడుగులు, కంటికి కనపడాలి' అన్న లెక్క అమెరికా కోడ్‌ది. మన చట్టం కాదు గానీ గట్టు మీద పాటించదగ్గ మాటే.

రూలు అటుంచినా, అన్నిటికీ కలిపి ఒకే స్విచ్ పెడితే జరిగేది ఇది. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళకు ఒక ఏరేటర్ రెక్కలకు నాచు చుట్టుకుంటుంది. ఆరూ ఆపితే రొయ్యలు తేలతాయన్న భయంతో కుర్రాడు కరెంటు ఉండగానే చెయ్యి పెడతాడు. వేరే ఐసోలేటర్ ఉంటే ఆ ఒక్కటే ఆపుకుంటాడు. స్టాప్ బటన్‌ను నమ్ముకోవడం కూడా తప్పే. అది కాంటాక్టర్ (స్టార్టర్‌లో మోటారుకు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్) కాయిల్‌ను మాత్రమే వదిలేస్తుంది, కాంటాక్టులు అతుక్కుపోతే మోటారుకు కరెంటు అందుతూనే ఉంటుంది. పైగా మన దగ్గర ఆటో స్టార్టర్లు ఎక్కువ. కరెంటు పోయిందని నీళ్ళలో దిగిన మనిషి మీద, కరెంటు రాగానో జనరేటర్ ఎక్కగానో మోటారు తనంతట తానే తిరుగుతుంది.

ఇక రేటింగు. 2 హెచ్‌పీ అంటే 1.5 కిలోవాట్లు, 415 వోల్టుల మీద సుమారు 3.3 ఆంపియర్లు. స్టార్టింగులో దానికి ఆరు రెట్లు, 20 ఆంపియర్ల దాకా లాగుతుంది. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే 20, 32 అంకెలు వేడెక్కిపోకుండా మోసే ఆంపియర్ల లెక్కవి, వాటిని చూసి కొనకండి. కింద చిన్నక్షరాల్లో ఏసీ-23ఏ (మోటారు లోడును తెంచే రకం) వరుస ఉంటుంది, అక్కడ 415 వోల్టులకు 1.5 కిలోవాట్లకు మించి రాసి ఉండాలి. 20 ఆంపియర్ల త్రీపోల్ రోటరీ స్విచ్‌లలో ఇది మామూలుగా దొరుకుతుంది. డీబీలో (ఎంసీబీలు బిగించే డిస్ట్రిబ్యూషన్ బోర్డులో) పెట్టే మాడ్యులర్ ఐసోలేటర్లు చాలావరకు ఏసీ-22వి, తిరిగే మోటారును తెంచడానికి చేసినవి కావు. నాలుగుసార్లు లోడ్ మీద తెంచితే ఒక పోల్ కాంటాక్టు గుంటలు పడి కాలుతుంది. అప్పుడు మోటారు రెండు ఫేజుల మీద గుర్రుమంటూ తిరిగి వైండింగ్ పోతుంది. ఐసోలేటర్ షార్ట్ సర్క్యూట్‌ను ఆపదు, కాబట్టి షెడ్డులో ఒక్కో ఏరేటర్‌కు 10 ఆంపియర్ల సీ లేదా డీ కర్వ్ (స్టార్టింగు కరెంటుకు పడిపోని రకం) ఎంసీబీ, మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపే ఓవర్‌లోడ్ రిలే తప్పనిసరి. రిలేను నేమ్‌ప్లేట్ మీద ఉన్న ఆంపియర్లకే తిప్పండి. తరచూ ట్రిప్పవుతోందని పెంచేస్తే, ఫేజు పోయినప్పుడు కాపాడేది ఇంకేదీ లేదు.

ఎక్కువ చెడేది మాత్రం స్విచ్ కాదు, పెట్టె. ఉప్పుగాలికి ఇనుప పెట్టె కొద్ది పంటల్లోనే తుప్పు తింటుంది. పాలీకార్బొనేట్ పెట్టె, దుమ్మూ నీటి జల్లూ లోపలికి పోనివ్వని ఐపీ66 రకం తీసుకోండి. కేబుల్ పెట్టె అడుగు నుంచే లోపలికి పోవాలి, గ్లాండు (కన్నం దగ్గర కేబుల్ చుట్టూ బిగిసే బిరడా) కేబుల్ మందానికి సరిగ్గా పట్టాలి, వాడని కన్నాలకు ప్లగ్గులు బిగించాలి. కేబుల్‌ను గ్లాండు కన్నా కిందికి ఒక వంపు వేలాడనిస్తే కారే నీళ్ళు అక్కడే రాలిపోతాయి. పైనుంచి కన్నం పెట్టిన పెట్టె తెరిస్తే అడుగున అరంగుళం నీళ్ళు, టెర్మినళ్ళకు పచ్చ చిలుము కనపడతాయి. రాగి తీగ కొసలకు తగరం పూసిన లగ్గులు (తీగ కొసకు తొడిగే లోహపు తొడుగులు) వత్తించండి.

పెట్టె గట్టు మీద, నిలబడిన మనిషి చెయ్యందే ఎత్తున, సుమారు 1.2 మీటర్లలో గుంజకు బిగించండి. తేలే ఫ్రేమ్ మీద వద్దు. హ్యాండిల్ ఆఫ్‌లో ఉన్నప్పుడే తాళం పట్టే రకం కావాలి, తాళంచెవి నీళ్ళలో దిగే మనిషి జేబులోనే ఉండాలి. వీలైతే అసలు కాంటాక్టుల కన్నా ముందే తెగే ఆక్సిలరీ (అదనపు చిన్న) కాంటాక్టు ఉన్నది తీసుకుని, దాన్ని కాంటాక్టర్ కాయిల్ దారిలో సిరీస్‌లో కలపండి. ఐసోలేటర్ తిప్పగానే కాంటాక్టర్ పడిపోతుంది. మామూలు స్టార్టర్ అయితే మళ్ళీ ఆన్ చేసినా స్టార్ట్ బటన్ నొక్కేదాకా మోటారు కదలదు. ఆటో స్టార్టర్ అయితే దాన్ని మాన్యువల్‌లో పెట్టాకే ఈ మాట నిజం.

ఎర్త్ తీగను స్విచ్ గుండా తెంచకూడదు, నేరుగా పోవాలి. మోటారు బాడీకి వేరువేరుగా రెండు ఎర్తులు ఉండాలి. కేబుల్‌లోని నాలుగో కోరు ఒకటి, గట్టు మీది ఎర్త్ రాడ్ నుంచి విడిగా వచ్చే తీగ రెండోది. ఏరేటర్లు ప్లాస్టిక్ ఫ్లోట్ల మీద కూచుంటాయి కాబట్టి నీళ్ళనే ఎర్త్ అనుకోవద్దు.

ఐసోలేటర్ దించాక టెస్ట్ ల్యాంపుతో మోటారు వైపు మూడు ఫేజుల మధ్య, ఫేజుకూ ఎర్త్‌కూ చూడండి. ల్యాంపు వెలుగుతోందో లేదో ముందూ వెనకా కరెంటున్న చోట పరీక్షించాలి. తడి చేతుల్లో నియాన్ టెస్టర్ మాట నమ్మకండి. ఇంకొకటి, ఐసోలేటర్ ఆఫ్‌లో ఉన్నా పెట్టెలో షెడ్డు నుంచి వచ్చే టెర్మినళ్ళకు కరెంటు ఉంటుంది. పెట్టెనే తెరవాలంటే షెడ్డులో ఎంసీబీ దించి, దానికీ తాళం వేసి రావాలి.